బ్రోచర్‌లో ఆ ఒక్క లైన్

"ఈ లైన్ ఎవరు రాశారు?"

ఇంగ్లిష్‌లో అడిగాడతను. చేతిలో బ్రోచర్ మూడో పేజీ దగ్గర తెరిచి ఉంది. మెడలో వేసుకున్న విజిటర్ బ్యాడ్జి వెనక్కి తిరిగిపోయి పేరు కనిపించడం లేదు.

నవత అలవాటైన చిరునవ్వు నవ్వింది. సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఆ హోటల్ హాల్లో యూరప్ మెడికల్, వెల్‌నెస్ టూరిజం ఫెయిర్ మొదలై గంట కూడా కాలేదు. ఎడమ పక్క హంగరీ వాళ్లు పళ్ల డాక్టర్ల దగ్గరికి టూర్లు పెట్టారు. కుడి పక్క చెక్ వాళ్లు ఊట నీళ్లు చిన్న కప్పుల్లో పోసి ఇస్తున్నారు. తాగినవాళ్లందరూ మొహం ఒకేలా పెడుతున్నారు. మధ్యలో ఉన్న స్లొవేనియా స్టాల్ నవతది. ఆమె పనిచేసే చిన్న ఏజెన్సీ, అక్కడి కొండల్లో ఉన్న ఒక వేడినీటి క్లినిక్‌కి సింగపూర్‌లో ప్రచారం చేస్తోంది.

"ఏ లైన్ సర్?"

"'మోకాలి సర్జరీకి గుడ్‌బై చెప్పండి.' ఈ లైన్."

"మా క్లినిక్‌లో సహజమైన వేడినీటి ఊటలు ఉన్నాయి సర్. మూడు వారాల ప్రోగ్రామ్‌లో నిపుణులైన డాక్టర్లు..."

"నేను నీళ్ల గురించి అడగలేదు. ఎముకకి ఎముక రాసుకుంటున్న మోకాలు సర్జరీ లేకుండా ఎలా బాగవుతుంది? ఏదైనా స్టడీ ఉందా?"

"మా గెస్టులు చాలామంది మంచి రిజల్ట్స్ చూశారు సర్. వీడియో చూపిస్తాను..."

"చాలామంది అంటే ఎంతమంది? ఏ వయసువాళ్లు?"

వెనక నిలబడ్డ ఇద్దరు చైనీస్ ఆంటీలు చేతిలోని బ్రోచర్లను మెల్లిగా బల్ల మీద పెట్టేసి హంగరీ వైపు నడిచారు. నవత వీడియో కోసం ట్యాబ్ నొక్కుతూనే ఉంది. అతను పక్కకి తిరిగి, తనలో తను అనుకుంటున్నట్టు తెలుగులో గొణిగాడు.

"ఏటీ గుంట, టేప్ రికార్డర్‌లాగ మాటాడేస్తంది."

నవత చిరునవ్వు చెదరలేదు. "టేప్ రికార్డర్‌కి తెలుగు కూడా వచ్చు సర్."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "సారీ. మీరు తెలుగనుకోలేదు."

"బ్యాడ్జి మీద నవత అని రాసే ఉంది."

"నేను బ్రోచరే చదివాను."

"గుంట ఏంటండీ? మా అనంతపురం వైపు గుంట అంటే గొయ్యి."

"మా నాన్నమ్మ ఆడపిల్లల్ని అలాగే పిలుస్తాది. తిట్టు కాదు, లా," అన్నాడు, తెలుగు వాక్యం చివర సింగపూర్ తోక తగిలించి. ఆ తర్వాత బ్యాడ్జి తిప్పి చూపించాడు. పృథ్వీ. జురాంగ్ ఈస్ట్‌లో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు.

"హైమావతి ఆంటీ తెలుసా మీకు? లాస్ట్ సండే తెలుగువాళ్ల గెట్ టుగెదర్‌లో ఎవరో ఈ బ్రోచర్ ఇచ్చారట."

నవతకి గుర్తొచ్చింది. ఆకుపచ్చ చీర, చేతికర్ర, రెండు మెట్లెక్కి ఆగి ఊపిరి పీల్చుకున్న పెద్దావిడ. ఆవిడ పక్కన కూర్చుని తానే చెప్పింది: అక్కడికి కర్రతో వచ్చినవాళ్లు కర్ర అక్కడే వదిలేసి వెళ్తారు ఆంటీ, అని.

"ఆవిడకి పద్నాలుగో తారీఖున సర్జరీ. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేసుకున్నారు. ఇవాళ పొద్దున్న నాకు ఫోన్ చేసి, 'వద్దు బాబూ, నేను ఆ నీళ్లకే వెళ్తాను' అన్నారు. ఇంకో ఏడాది ఆగితే ఆ కాలు వంకరపోతాది. అప్పుడు ఏ నీళ్లూ పనిచెయ్యవు."

నవత ట్యాబ్ పక్కన పెట్టేసింది. "డాక్టర్ రేపు వస్తున్నారు. అడిగి చెప్తాను," అంది.

"ఈ లైన్ కూడా ఆ డాక్టరే రాశారేమో అడగండి." కార్డు బల్ల మీద పెట్టి అతను వెళ్లిపోయాడు.

మొరటు మనిషి, అనుకుంది నవత. మధ్యాహ్నం దాకా అదే అనుకుంది. అయినా మధ్యాహ్నం నుంచి ఆ మూడో పేజీ ఎవరికీ తెరిచి చూపించలేకపోయింది.

సాయంత్రం ఫెయిర్ మూసేశాక స్టేషన్‌కి వెళ్లి ట్రైన్ ఎక్కింది. జనం తోసుకుంటూ లోపలికి పోతే, తలుపు పక్కన ఆనుకుని అతనే నిలబడి ఉన్నాడు. చేతిలో చెక్ వాళ్లు ఇచ్చిన స్నానపు ఉప్పు ప్యాకెట్టు.

"ఇంకా ఇక్కడే ఉన్నారా? మిగతా స్టాళ్లని కూడా ఏడిపించారా?" అంది నవత.

"మీ ఒక్కరినే. మిగతావాళ్ల దగ్గర ఫ్రీగా ఇచ్చినవన్నీ తీసుకున్నాను."

"రోజుకి ఎంతమందిని ఏడిపిస్తారు మామూలుగా?"

"పద్దెనిమిది మందిని. కానీ వాళ్లందరూ అపాయింట్‌మెంట్ తీసుకుని వస్తారు."

నవ్వకూడదనుకుని నవత కిటికీలోకి చూసింది. సొరంగంలో కిటికీ అద్దమైపోయింది. అందులో అతను తననే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

అతని తండ్రి టెక్కలి నుంచి షిప్‌యార్డ్ పనికి వచ్చి, సూపర్‌వైజర్ అయ్యాక కుటుంబాన్ని తెచ్చుకున్నాడట. పృథ్వీకి అప్పుడు రెండేళ్లు. అమ్మా నాన్నా పనికి పోతే పెంచింది నాన్నమ్మ కొండమ్మ. అందుకే స్కూల్లో ఇంగ్లిష్, ఇంట్లో టెక్కలి. మధ్యరకం తెలుగు అతనికి రాలేదు.

"బేగి రా, బేగి తిను, బేగి పడుకో. నాకు పదేళ్లొచ్చేదాకా బేగి నా పేరేమో అనుకున్నాను," అన్నాడు.

ఈసారి నవత నవ్వేసింది. రైలు భూమి పైకొచ్చి చాలాసేపైంది. అద్దం మీద వాన చినుకులు ఏటవాలుగా జారుతున్నాయి. డోవర్ స్టేషన్ దాటింది.

"మీకు నా మీద కోపమా?" అడిగాడు.

"కోపమే. ఆంటీకి ఆ మాట చెప్పింది నేనే కదా. అందుకు ఇంకా కోపం."

ఉప్పు ప్యాకెట్టు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు కావాలని చెప్పలేదు. అది నాకు పొద్దున్నే అర్థమయ్యింది. మీ మొహం చూస్తే తెలిసిపోయింది."

"టేప్ రికార్డర్‌కి మొహం కూడా ఉందా?"

"ఉంది. బాగుంది," అన్నాడు. తర్వాత ఏమన్నాడో తనకే అర్థమై క్లెమెంటీ వచ్చేదాకా రైలు మ్యాప్ చదువుతూ నిలబడ్డాడు.

గదికి వెళ్లిన వెంటనే నవత లాప్‌టాప్ తెరిచి ఏజెన్సీ పాత మెయిల్స్ వెతికింది. క్లినిక్ నుంచి రేపు రాబోతున్న డాక్టర్ మతేయా నాలుగు నెలల కిందట పంపిన ఉత్తరం దొరికింది. విషయం తేటగానే ఉంది. మోకాలి సర్జరీ అయినవాళ్లు మళ్లీ సరిగ్గా నడవడానికి మూడు వారాల ప్రోగ్రామ్. సర్జరీ అవసరమని వాళ్ల డాక్టర్ చెప్పినవాళ్లు ముందు అది చేయించుకుని రావాలి.

రెండు వాక్యాల ఆ మాట బ్రోచర్‌లోకి వచ్చేసరికి ఒక్క లైనై, పూర్తిగా తిరగబడింది. బ్రోచర్ ప్రూఫ్ దిద్దింది తనే. ఆ పేజీలో రెండు కామాలు సరిచేసినట్టు కూడా గుర్తుంది. ఉత్తరం మాత్రం చదవలేదు.

బాస్ రంగనాథ్‌కి ఫోన్ చేసింది.

"సార్, డాక్టర్ రాసింది వేరు, మనం వేసింది వేరు."

"అది మార్కెటింగ్ భాష నవతా. సర్జరీకి గుడ్‌బై అంటే, సర్జరీ అయిపోయాక గుడ్‌బై అనే అర్థం కూడా వస్తుంది."

"ఆ అర్థం ఎవరికి వచ్చింది సార్?"

"చూడమ్మా, రేపు పదకొండున్నరకి నీ ప్రెజెంటేషన్. స్లైడ్లు రెడీగా ఉన్నాయి. ఫెయిర్ అయ్యాక, తర్వాతి ప్రింటులో మారుద్దాం."

తర్వాతి ప్రింటు ఎప్పుడో తెలీదు. పద్నాలుగో తారీఖు మాత్రం పది రోజుల్లో ఉంది. నవత కార్డు తీసి పృథ్వీకి మెసేజ్ పెట్టింది. "రేపు పదకొండున్నరకి ఆంటీని తీసుకుని రాగలరా?"

"మళ్లీ అమ్మడానికా?"

"కాదు," అని రాసి ఫోన్ బోర్లా పెట్టింది.

మర్నాడు సెమినార్ హాల్లో మొదటి వరసలో మూడు కుర్చీల మీద మూడు టిష్యూ ప్యాకెట్లు కనిపించాయి. హైమావతి భర్త సుధాకరరావు గంట ముందే వచ్చి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ పెట్టి టేబుల్ పట్టుకున్నట్టు, సింగపూర్ మాటలో చెప్పాలంటే సీట్లు చోప్ చేసిపెట్టాడు. ఆవిడ కర్ర ఊతతో వచ్చి కూర్చుంది. మూడో కుర్చీలో పృథ్వీ, క్లినిక్ యూనిఫాంలోనే ఉన్నాడు. అతను నవత వైపు చూసిన చూపులో నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. ఎక్స్‌రే చూసేటప్పుడు అలా చూస్తారేమో అనుకుందామె.

డాక్టర్ మతేయా విమానం ఆలస్యమైంది. పొట్టి జుట్టు, చేతి మీద రెయిన్‌కోటు, యాభై దాటిన మనిషి. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చి చివరి వరసలో కూర్చునేసరికి, యాంకర్ నవత పేరు పిలిచేసింది. ముందే మాట్లాడుకునే వీలు లేకపోయింది.

మొదటి స్లైడు కొండలు. రెండోది నీళ్లు. మూడోదాని మీద పెద్ద అక్షరాల్లో అదే లైన్.

నవత క్లిక్కర్ బల్ల మీద పెట్టింది.

"ఈ లైన్ తప్పు," అంది. గొంతు సన్నగా వచ్చింది. మైక్ కొంచెం దగ్గరికి లాక్కుంది. "క్లినిక్ వాళ్లు ఇలా రాయలేదు. మా ఏజెన్సీలో ఇలా మారింది. సర్జరీ అయినవాళ్లు త్వరగా కోలుకోవడానికి ఈ ప్రోగ్రామ్ చాలా బాగా ఉపయోగపడుతుంది. సర్జరీకి బదులు మాత్రం ఇది కాదు. ఈ మాట నమ్మి ఎవరైనా సర్జరీ మానుకోవాలనుకుంటుంటే, దయచేసి ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. పోయిన ఆదివారం నేనే కొందరికి తప్పు చెప్పాను. వాళ్లలో ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్లకి సారీ చెప్తున్నాను."

తలుపు దగ్గర నిలబడ్డ రంగనాథ్ బయటికి నడిచాడు. నవత మిగతా స్లైడ్లు ఒక్కొక్కటీ చూపించి, అడిగినవాళ్లకి తెలిసింది చెప్పి దిగింది.

స్టాల్ దగ్గర డాక్టర్ మతేయా బ్రోచర్ పూర్తిగా చదివి మడిచింది. "నేను ఇక్కడికి రాకముందే నా తరఫున నిజం చెప్పారు. థ్యాంక్స్," అని, హైమావతిని కూర్చోబెట్టి మోకాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి చూసింది.

"ముందు సర్జరీ. తర్వాత నా దగ్గరికి రండి. ఈ క్రమం మార్చకండి," అంది. నవత తెలుగులో చెప్పింది.

హైమావతి తల అడ్డంగా ఊపింది. "ఆపరేషన్ మాత్రం వద్దమ్మా."

"నేను రెండేళ్ల నుంచి చెప్తన్నాను," పృథ్వీ మొదలుపెట్టాడు. "ఆంటీ, సక్సెస్ రేటు..."

నవత అతని వైపు చెయ్యి చూపి ఆపింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆపరేషన్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది ఆంటీ?"

హైమావతి చాలాసేపు కర్ర పిడి వైపు చూసింది.

"మా సరోజిని అక్క. కాకినాడలో చిన్న ఆపరేషనే. 'సాయంత్రానికి వచ్చేస్తాను, పిల్లలకి అన్నం పెట్టవే' అని చెప్పి లోపలికెళ్లింది. నేను అన్నం పెట్టాను. మత్తు ఇచ్చాక మరి కళ్లు తెరవలేదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు."

సుధాకరరావు భార్య భుజం మీద చెయ్యి వేశాడు. పృథ్వీ ఆవిడకి దగ్గరగా జరిగాడు. "ఇన్నాళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు ఆంటీ."

"నువ్వెప్పుడు అడిగావు బాబూ? వంచు, చాపు, పది లెక్కపెట్టు అన్నావు. నేను లెక్కపెట్టాను."

నవత అంతా ఇంగ్లిష్‌లో చెప్పగానే డాక్టర్ మతేయా ఆవిడకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. నడుము దగ్గర ఇచ్చే మత్తు కూడా ఉంటుందనీ, చాలామంది దాంతో మెలకువగానే ఉంటారనీ, ఆవిడకి అది కుదురుతుందేమో ఆసుపత్రిలో మత్తు డాక్టర్‌ని అడగమనీ చెప్పింది. భయం సంగతి కూడా దాచకుండా చెప్పమంది.

"మెలకువగా ఉంటానా?" హైమావతి రెండుసార్లు అడిగింది. "అయితే ఈయన తలుపు దగ్గరే కూర్చోవాలి. కాఫీ అని, పేపర్ అని లేవకూడదు."

"లేవను," అన్నాడు సుధాకరరావు.

వాళ్లిద్దరినీ టాక్సీ ఎక్కించి వచ్చాక పృథ్వీ స్టాల్ ముందు నిలబడ్డాడు. "నిన్న మీకు చాలా చెప్పాను. నేనూ వినలేదు, కదా?"

"మీరు చెప్పింది నిజమే. అడగాల్సింది మాత్రం అడగలేదు."

"టేప్ రికార్డర్ నేనే."

"నేననలేదు," అంది నవత. "అనుకున్నాను."

సోమవారం రంగనాథ్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. కేకలు వేయలేదు. "నువ్వు చెప్పింది తప్పని నేననను. స్టేజి మీద చెప్పావు చూడు, అది తప్పు. మిగతా క్లినిక్‌లవాళ్లు నిన్ననే ఫోన్లు చేశారు, వాళ్లకి మనం వేసిన బ్రోచర్లు కూడా చూపించమని."

"ముందు మీకే చెప్పాను సార్."

అతను కిటికీ వైపు చూశాడు. నెలాఖరే ఆఖరి రోజన్నాడు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దవుతుంది. రద్దయ్యాక నెల రోజుల్లో సింగపూర్ వదలాలి. మూడేళ్లుగా ఉంటున్న ఊరు అలా నెల రోజుల ఊరైపోయింది. ఈ సంగతి నవత అమ్మకి చెప్పలేదు. పృథ్వీకి అసలే చెప్పలేదు. చెప్తే అతను తన వల్లే అనుకుంటాడు.

అతను మాత్రం రోజూ మెసేజ్ పెట్టేవాడు. మొదట్లో అవి ఆంటీ గురించి. ఆంటీ మత్తు డాక్టర్‌తో మాట్లాడారు. నడుము మత్తుకి సరేనన్నారు. ఆంటీ ఇవాళ రెండు ప్రశ్నలు అడిగారు, నేను నాలుగు అడిగాను. తర్వాత్తర్వాత ఆంటీ లేని మెసేజ్‌లు వచ్చాయి. తిన్నారా? వాన పడుతోంది, గొడుగుందా? ఒకరోజు జురాంగ్ ఈస్ట్ స్టేషన్ బయట నిజంగానే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచి ఆమె ఇంటిదాకా పైకప్పున్న దారే. గొడుగు తెరవాల్సిన అవసరమే రాలేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తకుండా, మామూలుగా ఐదు నిమిషాలు పట్టే దారిని పావుగంట నడిచారు.

పద్నాలుగో తారీఖున నవత పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది. సుధాకరరావు ఆపరేషన్ థియేటర్ తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చున్నాడు. పృథ్వీ సెలవు పెట్టి వచ్చాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ముసలాయన లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవాడు.

రెండు గంటలకి పైగా గడిచాక హైమావతిని బయటికి తెచ్చారు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"లోపల చలి. అంతకుమించి ఏమీ లేదు," అంది. భర్త వైపు చూసింది. "లేచారా?"

"లేవలేదు," అన్నాడాయన. ఆ రెండు గంటల్లో ఇరవైసార్లు లేచిన మనిషి. ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నవత మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆవిణ్ణి వార్డుకి మార్చాక సుధాకరరావు అడిగాడు. "నీకు ఇవాళ ఆఫీసు లేదా అమ్మా?"

నవత ఆలోచించకుండా అనేసింది. "మిగిలిన లీవులన్నీ వాడేసుకోమన్నారు అంకుల్. నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది."

పృథ్వీ తల తిప్పి చూశాడు. ఇద్దరూ కిందికి దిగి పక్కనున్న హాకర్ సెంటర్‌కి వెళ్లారు. సాయంత్రం ఐదు. సగం దుకాణాలు మూసి ఉన్నాయి. రెండు గ్లాసుల టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు చెప్పారు మీకు?"

"ఫెయిర్ అయిన సోమవారం."

"వారం రోజులు. నాకు చెప్పాలని అనిపించలేదా?"

"చెప్తే ఏం చేసేవారు?"

"ఏమీ చెయ్యలేను. తెలిసి ఉండేది. మీరు ఒక్కరే మొయ్యక్కర్లేదు కదా."

నవత గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టింది. "ఇంకో సంగతి ఉంది. డాక్టర్ మతేయా నిన్న ఫోన్ చేశారు. వాళ్ల క్లినిక్‌లోనే పని. ఆసియా నుంచి వచ్చేవాళ్లకి ముందే అన్నీ సరిగ్గా చెప్పే మనిషి కావాలట. ఎనిమిది నెలలు అక్కడ. తర్వాత వాళ్ల తరఫున ఇక్కడే ఆఫీసు తెరుస్తామన్నారు. అది మాత్రం గ్యారంటీ కాదట."

"ఎప్పుడు వెళ్లాలి?"

"వీసా రాగానే. ఇంకా ఒప్పుకోలేదు."

పక్క బల్ల తుడిచే పెద్దావిడ వచ్చి, వీళ్ల గ్లాసులు ఖాళీ కాలేదని చూసి వెళ్లిపోయింది.

"వెళ్లండి," అన్నాడు పృథ్వీ.

"అంతేనా?"

"అంతే కాదు. మీరు వెళ్లకూడదని నాకుంది. వెళ్లకపోతే తప్పని కూడా ఉంది. రెండూ నిజమే, అందుకని రెండూ చెప్తన్నాను."

"ఇంకేమైనా నిజాలు మిగిలాయా?"

"ఒకటుంది." గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. ఆ రోజు ట్రైన్‌లో, డోవర్ దాటిన దగ్గర్నించి. ఎనిమిది నెలలు నాకు పెద్ద లెక్క కాదు. ఆంటీ రెండేళ్లు పట్టించారు, నేను విసుక్కోలేదు."

ఆ ఊళ్లో వాన ఎలా వస్తుందో అలాగే వచ్చింది, హెచ్చరిక లేకుండా, రేకుల మీద ఒక్కసారిగా. ఆ చప్పుడు కొంచెం తగ్గేదాకా నవత ఆగింది.

"నాకు క్లెమెంటీ దగ్గర," అంది.

"ఏటి?"

"మీకు డోవర్. నాకు క్లెమెంటీ. ఒక స్టేషన్ లేటు."

పృథ్వీ నవ్వాడు. నవ్వి, ఆమె చేతి పక్కన తన చెయ్యి పెట్టాడు. ఆమె తన చెయ్యి తీసి అతని చేతి మీద పెట్టింది. టీ చల్లారిపోయింది.

"ఇప్పుడు అమ్మకి ఫోన్ చెయ్యాలి," అంది నవత. "ఉద్యోగం సంగతి దాచిపెట్టాను. ఇవాళ అదీ, మీ సంగతీ ఒకేసారి చెప్పేస్తాను. మీరు ఇక్కడే ఉండండి, ఎక్కడికీ వెళ్లొద్దు."

వీడియోలో లక్ష్మీదేవి కనిపించింది. తాడిపత్రిలో ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమ్మా, ఈ టైములో చేస్తాండావు? ఆఫీసు లేదా?"

నవత చెప్పింది. ఫెయిర్, బ్రోచర్, స్టేజి, రంగనాథ్, పాస్, స్లొవేనియా, అన్నీ. లక్ష్మీదేవి చిక్కుడుకాయ ఒలవడం ఆపింది.

"ఇన్నాళ్లూ చెప్పకుండా ఎట్లుంటివే?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడ్డంలేదా?" అని, కాసేపు కెమెరాకి పక్కగా ఎటో చూసింది. "సరే. ఆ పెద్దామె బాగుండాదా?"

"బాగుందమ్మా. రేపు లేపి నిలబెడతారంట."

"అట్లయితే పోనీ. ఆ ఉద్యోగం పోతే పోయింది." కళ్లు చిట్లించి తెరలోకి చూసింది. "నీ పక్కన ఎవరో ఉండారే. చొక్కా చెయ్యి కనిపిస్తాంది."

నవత ఫోన్ జరిపింది. పృథ్వీ నిటారుగా కూర్చుని రెండు చేతులూ జోడించాడు. "నమస్కారం ఆంటీ. నా పేరు పృథ్వీ. నవత గారి ఉద్యోగం పోయింది నా వల్లే."

"ఆయన వల్ల కాదమ్మా," అంది నవత.

"సగం నా వల్ల. నేనే వెళ్లి గొడవ పెట్టాను ఆంటీ. ఇంకో సంగతి. నవత గారంటే నాకు ఇష్టం. ఇప్పుడే చెప్పాను. మీకు కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిదని."

లక్ష్మీదేవి అతన్ని కిందా మీదా చూసింది. ఏ ఊరని అడిగింది. ఏం పనని అడిగింది. అమ్మానాన్నలు ఎక్కడున్నారని అడిగింది. ఆ తర్వాత, అతను వింటున్నాడన్న మొహమాటం లేకుండా కూతుర్ని అడిగింది.

"ఏమే, ఈ పిల్లోడు నిజం చెప్పేవాడేనా?"

"అడిగినా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడమ్మా," అంది నవత. "ఇతనితో వచ్చిన తంటా అదే."

లక్ష్మీదేవి నవ్వు ఫోన్లోంచి పక్క బల్ల దాకా వినిపించింది. మళ్లీ చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది.

"అయితే నువ్వు ఆ దేశం పొయ్యే ముందే ఒకతూరి తోడుకోని రా. నేను కూడా అడగాల్సినవి ఉండాయి."